మూగనోము

గుడ్ల అట్టపెట్టెలో పెట్టి తెచ్చాడు లుడ్గర్,
అరచేతి పొడవు ఆవిరి ఇంజన్.
"దీపం వెలుగుతుంది. చక్రం తిరుగుతుంది.
నోరు మాత్రం మెదపదు" అన్నాడు
కోటు మీది మంచు నా బల్ల మీదే దులుపుతూ.

జనవరి. గోర్లిట్స్. కిటికీ అవతల ట్రామ్
మలుపులో పళ్లు కొరుక్కుంటూ పోయింది.
భూతద్దం కంటికి తగిలించుకున్నాను.

మొదట అనుమానించాల్సింది ఎప్పుడూ మనిషినే.
ఎనిమిదో మీట నొక్కి మరిచిపోయి
ఇంజన్ చచ్చిందని ఏడ్చినవాళ్లని ఎందర్ని చూశానో.
నొక్కాను. మళ్లీ నొక్కాను. ఊహూఁ.
శబ్దం కొలత ఎంతని డీకోడర్‌ని అడిగాను.
చక్రాలు ఓసారి వణికించి జవాబు చెప్పింది: నూట ఎనభై.
అంటే లోపల అది అరుస్తూనే ఉంది,
మనదాకా రావడం లేదు, అంతే.

ఎనిమిదో గడిలో ఎనిమిది రాసి
పుట్టినప్పటి బుద్ధికి మళ్లించాను. అయినా మూగనోమే.
ఇక విప్పక తప్పదు.

నాలుగు మరలు. రెండు పొగగొట్టం కింద,
ఒకటి బొగ్గుపెట్టె అడుగున,
నాలుగోదాన్ని వెతకడానికి పావుగంట.
ఇరుసు వెనక దాక్కుంది,
వేలెడంత సామానుకి మూరెడు పొగరు.

బొగ్గు ఉండాల్సిన చోట స్పీకరు, చింతగింజంత.
మీటరు ముల్లు ఆనించాను: ఎనిమిది ఓములు.
బతికే ఉంది.
మాట బాగుంది, నోరు బాగుంది,
మధ్యలో వెంట్రుకంత తీగ.
తీగ లాగితే డొంక కదులుతుందంటారు.
లాగాను, చేతికొచ్చేసింది.

తెగింది కాదు. కత్తిరించింది.
రెండు కొసలకీ సన్నని తొడుగు వేసి, వెచ్చజేసి బిగించి,
ఒకదానికొకటి తగలకుండా
పక్కపక్కన పడుకోబెట్టి, పైన టేపు.
ఇరవై రెండేళ్లలో ఊడిన టంకాలు చూశాను,
కాలిన చిప్పులు చూశాను,
ఇంత మర్యాదగా మూసిన నోరు చూడలేదు.

"పాతసామాను సంతలో కొన్నాను" అన్నాడు లుడ్గర్.
"ఎవరో పెద్దావిడ. చీటీ మీద నంబరుంది."

ఫోన్లో ఫ్రౌ నోస్కె. వెనకాల రేడియోలో వాతావరణం.
"అవును, మా ఆయనదే. ముప్పై ఒక్క ఏళ్లు
పెద్దవి నడిపాడు, కాట్‌బుస్ దాకా.
ఇంట్లోవి మాత్రం చప్పుడు చేయకూడదనేవాడు."
కాసేపు రేడియోనే మాట్లాడింది.
"చప్పుడంటే, ఆ బుస్‌బుస్‌లు కాదు. కూత.
తను కూత వేశాడట. వాళ్లు వినలేదట.
ఇంకేమైనా కావాలా మీకు? పొయ్యి మీద పాలున్నాయి."

కూత ఒక్కదాన్నే ఆపొచ్చని
ఆయనకెవరూ చెప్పలేదు కాబోలు.
మొత్తం గొంతే కోసుకున్నాడు.

టంకం పెట్టాను. పొగ సన్నగా లేచి
దీపం దగ్గర వంగింది.
పట్టా మీద పెట్టగానే ఊపిరి తీసింది ఇంజన్,
ముందు నీళ్ల గురక, తర్వాత పారతో బొగ్గు గీరిన చప్పుడు,
బ్రేకు కీచు, ఎవరో ఇనుప తలుపు మూసినట్టు.
లుడ్గర్ పెదవులు చిన్నపిల్లాడిలా విచ్చుకున్నాయి.

"కూత?" అన్నాను.
డబ్బిచ్చి కొన్నది ఆయన, కూత కూడా ఆయనదే.
టోపీ తీశాడు, చూశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.
"ప్రస్తుతానికి సున్నా పెట్టు.
ఏ గడిలో పెట్టావో రాసివ్వు."

నా పరీక్ష పట్టాకి ఓ చిన్న గేటుంది,
గేటు పక్కన సైకిలు పట్టుకున్న బొమ్మ మనిషి,
రంగు కాస్త పెచ్చులూడి.
ఏ ఇంజన్నీ అక్కడ నెమ్మదిగా పోనిచ్చింది లేదు నేను.
ఇవాళ చేయి దానంతటదే పిడి తిప్పేసింది.
రైలు నడకలా వచ్చి, నడకలా దాటింది.

టంకానికి తొమ్మిది యూరోలు తీసుకున్నాను.
గుడ్లపెట్టె మూత మీద గడి నంబరు రాశాను,
పెన్సిల్‌తో.