ముసాయిదాలో నాలుగో పేరా

కాకినాడ పెద్దాసుపత్రి పాత లైబ్రరీలో
పదకొండు మందిమి కూర్చున్నాం.
ఫ్యాను రెక్క ఒకటి వంగి
చుట్టు చుట్టుకీ టక్కుమంటోంది.
లూపస్‌కి మన ప్రాంతపు చికిత్సా నియమాలు రాయాలి.
నా వంతుకొచ్చింది నాలుగో పేరా:
‘రోగి ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా
ఎండ తగలకుండా చూసుకోవాలి.’

ఎక్కడో చలిదేశంలో
ఎవరో బాగా ఆలోచించి రాసిన వాక్యం.
తప్పేం లేదు అందులో.
కానీ పది నుంచి నాలుగంటే
మా వైపు ఒక రోజు కూలి.

యాళ్ళ నూకరత్నం గుర్తొచ్చింది.
ముమ్మిడివరం దాటాక, ఏటవతల లంకలో ఇల్లు,
ఇవతల చేలల్లో పని.
మూడేళ్ళు ఆ బుగ్గల ఎరుపుని మంగు అన్నారు.
కీళ్ళు పట్టేస్తే చికెన్‌గున్యా,
జ్వరం తగ్గకపోతే టైఫాయిడ్,
జుట్టు రాలితే బోరునీళ్ళ ఉప్పు.
పేరుకో బిల్లు.
ఇన్ని పేర్లూ ఒకే జబ్బువని తేలేసరికి
కాళ్ళకి నీరొచ్చేసింది.

మొదటిసారి నా గదిలో తల దించుకుని చెప్పింది,
‘ఒంటేలుకెళ్తే లాకుల కింద కాలవ పడ్డట్టేనండి,
ఒకటే నురగ.’
నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు ఆ మాట.
ల్యాబు కాగితం రాకముందే
నాకామె కిడ్నీలు కనబడ్డాయి.

ఎండలోకి వెళ్ళొద్దన్నాను.
నా వైపు, నా కిటికీ పరదా వైపు చూసింది.
‘ఊడుపులు రాత్రిపూట పెట్టుకోమని
రైతుకో చీటీ రాసిస్తారా అండీ?’
వెటకారం కాదు.
నిజంగానే అడిగింది.

ఆమే నేర్పింది నాకు:
నెత్తిన తువ్వాలేసుకున్నా ఆగేది సగం ఎండే.
దమ్ము చేసిన చేలో వంగితే
నీళ్ళలోంచి లేచి మొహాన కొట్టేది మిగతా సగం.

ఇది చెబితే బల్ల చివర్నుంచి ఒకాయన,
‘దీనికి ఆధారం ఏ స్థాయిది, మేడమ్?’
మోకాలి లోతుది అన్నాను.
ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు.

కాలవలకి నీళ్ళొదిలే తేదీ
ఎక్కడో అచ్చేసిన పుస్తకం చెప్పదు కదా.
ధవళేశ్వరంలో మట్టం చూస్తారు,
శివారు చేను ఎండిపోకూడదని
వంతులు కడతారు.
మాత్రలకీ అలాంటి లెక్క ఒకటి ఉండాలి,
శివారు మనిషి దాకా పారే లెక్క.

కొట్టేసి, మళ్ళీ రాశాను.
బుగ్గల మీద ఎరుపు, నోట్లో పుళ్ళు, ఆగి ఆగి జ్వరం,
ఈ మూడూ ఒక మనిషిలో కనిపిస్తే
మంగు అనే ముందు మూత్రం చూడండి.
చూసే పట్టీ ప్రతి పీహెచ్‌సీలో ఉండాలి,
బీరువాలో కాదు, బల్ల మీద.
హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవాళ్ళకి కళ్ళ పరీక్ష
డాక్టరు చెప్పిన గడువుకి,
పుష్కరానికోసారి కాదు.
(ఈ ముక్క తీసెయ్యమన్నారు. తీసేశాను.)
స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపకూడదు,
వరదొచ్చి పంటు ఆగిపోయినా సరే.
అందుకని లంకల వాళ్ళకి
ఏరు ఎర్రబడకముందే రెండు నెలల మందు చేతికివ్వాలి.
ఎండ తప్పనివాళ్ళు పొద్దెక్కకముందే చేలో దిగాలి,
ముక్కు మీదుగా గుడ్డ కట్టాలి,
కింది వెలుగు కోసం.

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి అన్నారు,
‘ఇది నియమావళిలా లేదమ్మా, ఉత్తరంలా ఉంది.’

ఉత్తరమే.
సాయంత్రం ఫోన్లో నూకరత్నానికి చదివాను.
అవతల కోళ్ళ అరుపు, ఎవరో బిందె దించిన చప్పుడు.
అంతా విని,
‘బాగుందండి.
నీడకి కూలెవరిస్తారో కూడా
ఓ ముక్క రాయండి’ అంది.

రాశాను.
రేపు మళ్ళీ కూర్చుంటాం పదకొండు మందిమీ.
ఆ ముక్కకి ఆధారం ఏ స్థాయిదో
ఎవరో ఒకరు అడుగుతారు.
ఫ్యాను ఇంకా బాగుచేయించలేదు.