వచ్చిన పని

జిల్లాలు పంచినప్పుడు మాకు సముద్రం వచ్చిందంట.
ఏండ్లు గడిచినా పోయి చూసిందిలేదు.
వాటాకొచ్చిన చేనును
గట్టుమీద నిలబడైనా చూసుకోకపోతే ఎట్లా మే, అనింది రెడ్డెమ్మ,
తిరుపతి బస్టాండు వెనక మా లాడ్జి మిద్దెమీద
నలభయ్యో దుప్పటి పిండుతా.

శనివారం సెలవడిగితే
మేనేజరు క్యాలెండరు వైపు చూసినాడు, మా వైపు చూళ్లేదు.
శనాదివారాలు రూములు నిండే రోజులు.
అందుకే మా వారాంతం
మంగళవారం తెల్లారి మొదలైంది.

చేతిలో పద్నాలుగు నూర్లు, ఇద్దరికీ కలిపి.
గూడూరు బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే
సున్నా అని అచ్చేసిన టికెట్టు.
ఊరికే వచ్చిన కాగితమని పారేయలేదు రెడ్డెమ్మ,
నాలుగు మడతలేసి రవికలో పెట్టుకుంది.
వాకాడులో దిగి, షేర్ ఆటోలో
చేపల ఐసుడబ్బాల నడుమ మోకాళ్ళు ముడుచుకుని,
తూపిలిపాలెం.

గది ఐదునూర్లన్నాడు పిల్లోడు.
ఆ అంకె ఎక్కడ వంగుతుందో నాకు తెలుసు,
పదకొండేండ్లుగా కౌంటరు ఇవతల వంచుతున్నది నేనే.
మూడున్నూట యాభై దగ్గర ఆగినాం.
రెడ్డెమ్మ ముందు దిండు వాసన చూసింది.
దుప్పటి అంచు వెలుతురుకు పట్టి
నీలం జాస్తి పడింది, అని తీర్పు చెప్పింది.

రిజిస్టరు నా వైపు తిప్పినాడు.
పేరు. ఊరు. వయసు.
వచ్చిన పని.
ఆ గడి ఎన్ని వేలమంది చేత నింపించినానో,
దర్శనం, దర్శనం,
కిందికి పోనుపోను వట్టి డిట్టో గీతలు.
నా చేత్తో నా కోసం ఎప్పుడూ నింపింది కాదు.
పెన్ను ఆగిపోయింది.
ఏదో ఒకటి రాయక్కా, అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా.
'ఊరికే' అని రాసినా.

పొద్దువాలే వేళ సరుగుడు తోపు దాటినాం.
రెడ్డెమ్మ నిలిచిపోయింది.
యాభై మూడేండ్ల మనిషి, చెప్పులు చేతబట్టుకుని
చానాసేపు ఏమీ మాట్లాడలేదు.
తర్వాత, నాతో కాదు, అనింది:
ఉతకతానే ఉండాది.
పరస్తానే ఉండాది.
ఎవురూ పడుకోరు గదా,
మళ్ళా ఎందుకు లాక్కుంటాది?

బ్లీచింగు పొడికి పగిలిన అరచేతులు
నీళ్ళలో పెట్టింది.
ఉప్పుకు సుర్రుమని అరిచి, నవ్వింది,
మళ్ళా పెట్టింది.

పొద్దున్నే గుడి.
పూజారి సైకిలు దిగి, తాళంచెవి మొలలోంచి తీసి తెరిచినాడు.
నల్లరాతి గోపాలస్వామి, ఒక ప్రమిద, మేమిద్దరం.
అయినా ఒకరి వెనక ఒకరం నిలబడినాం.
సామి మొగం కనపడిందో లేదో
రెడ్డెమ్మ పక్కకు తప్పుకుంది.
ఎవరమ్మా నిన్ను జరగమనింది, అన్నాడాయన.
ఎవురూ అనలేదు సామీ.
మళ్ళా వచ్చి నిలబడింది గాని
అంతసేపు చూపు ఎక్కడ పెట్టాలో తెలియక
వత్తి ఎగదోస్తున్న ఆయన వేళ్ళనే చూస్తా ఉండిపోయింది.

గది ఖాళీ చేసేటప్పుడు
దుప్పటి విదిలించి ఇసక రాల్చింది,
నాలుగు మూలలు కలిపి మడిచింది.
వద్దు మే, ఈడ మనం దిగినోళ్ళం, అన్నా.
మడత మీద ఇంకొకసారి అరచెయ్యి రాసింది.

లెక్క: గది మూడున్నూట యాభై, ఆటోలు నూట అరవై,
రెండు పూటల చేపల పులుసన్నం నాలుగు నూర్లు,
హారతి పళ్ళెంలో ఇరవై.
మిగిలినదాంట్లో రెండు నూర్లకు ఎండు నెత్తళ్ళు.

తిరుగు బస్సులో ఆ వాసనకు
ముందు సీటామె రెండుసార్లు వెనక్కి చూసింది.
ఆమె ఒళ్ళో పుట్టెంటికలు ఇంకా తీయని పసిబిడ్డ నిద్రపోతా ఉండాడు.
మూడోసారి ముక్కుమీది కొంగు తీసి
మీరూ కొండకేనా అక్కా, అనడిగింది, అనుమానంగా.

కాదమ్మా, అనింది రెడ్డెమ్మ
సంచిని కాళ్ళ కిందికి తోసుకుంటా,
డ్యూటీకి.