గాలి ఇంజను

బండి ఆగిన ఐదు నిమిషాల్లో
ఉండి సెంటర్లో ముగ్గురు బకెట్లతో వచ్చారు.
నీళ్ళు పొయ్యండి, నీళ్ళు!
ఇక్కడ దేనికైనా మందు అదే,
నారుకీ, రొయ్యకీ, కడుపుమంటకీ, కాగిపోయిన లారీకీ.
ఎక్కడ పొయ్యమంటారంటే
ముందు మూత ఎత్తారు: స్టెప్నీ టైరు, ఓ గొడుగు.
వెనక మూత ఎత్తారు: ఫాను.
ఒక పెద్దాయన బకెట్టు కింద పెట్టి
"రేడియేటరు అమ్మేసుకున్నారా అమ్మా?" అన్నాడు.

దంతులూరి మందాకిని గారు నవ్వలేదు.
డెబ్భై మూడు మోడలు, జర్మనీ బండి,
నడుం వంచి ఎక్కాలి.
ఆవిడ వేలు ఆయిలు మీటరు మీదే ఉంది.
"భీమవరం దాటాక ముల్లు ఎక్కడం మొదలెట్టింది, నూకరాజూ.
ఆపితే దిగదు, నడిపితే ఎక్కుతుంది."

నేను చెరువుల మీద ఏరేటర్లు బాగుచేసేవాణ్ణి.
గాలికి చల్లారే ఇంజన్లు కొత్త కాదు,
స్కూటర్లు విప్పి పెరిగిన చెయ్యి.
కానీ మన గాలి గాలేనా?
జూన్లో సగం నీళ్ళు, పావు చేపల మేత వాసన,
మిగిలిన పావుతో ఆరు సిలిండర్లు చల్లారాలి.

మీటరే అబద్ధమాడుతోందేమో.
ఇంకోటి తగిలించి చూశాను, అదీ అదే మాట.
బెల్టు బొటనవేలితో నొక్కితే అరంగుళం లొంగింది, బాగుంది.
ఆయిలు చూడాలంటే ఇంజను వేడిగా తిరుగుతుండాలిట,
బండి చదునైన నేల మీద ఉండాలిట.
చదునుకి మా ఊళ్ళో వెతుక్కోవాలా?
ప్లగ్గులు డికాక్షను రంగులో ఉన్నాయి. మంట తప్పు కాదు.
రేకు విప్పితే రెక్కల మధ్య
ఊక, కొబ్బరి పీచు, ఓ కుమ్మరిపురుగు మట్టిగూడు.
దొరికిందని చంకలు గుద్దుకున్నాను.
ఊది, తోమి, బిగించి ఆకివీడు దాకా వెళ్ళొచ్చాం.
ముల్లు మళ్ళీ అక్కడికే.

రాత్రి తొమ్మిదింటికి షెడ్డులో నేనూ అదీ.
మా నాన్న లస్కరు, ఈ లాకుల మీదే ముప్పై ఏళ్ళు.
చీకట్లో తలుపు మీద అరచెయ్యి ఆనించి
ఎటుపక్క నీరు తన్నుతోందో చెప్పేవాడు.
టార్చి ఇస్తానంటే, కళ్ళతో పనేంట్రా అనేవాడు.
బండి కింద పడుకుని పైపులు తడిమాను.
టాంకుకి పోయే పైపు: చెయ్యి కాలింది.
ముందు మడ్‌గార్డులో కూలరుకి పోయే పైపు:
తెల్లారగట్ల కాలవగట్టులా చల్లగా.
మళ్ళీ తడిమాను. చల్లగానే.
ఆ రెంటి మధ్య ఓ ఇత్తడి తలుపుంటుంది,
వేడెక్కితే తనంతట తను లేవాలి.
లేవడం లేదు.
పైన చేలు మునుగుతుంటే
శివారు చేలు బీటలిచ్చినట్టు.

దాన్ని విప్పి మా ఆవిణ్ణి అన్నం గిన్నె అడిగాను.
ఇవ్వనంది. చిల్లుపడబోయే పాల గిన్నె ఇచ్చింది.
నీళ్ళు పోసింది చివరికి అక్కడ,
నీళ్ళంటే ఎరగని ఇంజను ముక్కని ఉడకబెట్టడానికి.
బుడగలు, ఆవిరి. కదలదు.
దించి, సూదితో అంచు గీకితే
గోరంత ఎర్రటి ముద్ద ఊడొచ్చింది.
గట్టిపడిపోయిన ప్యాకింగు గమ్ము.
మళ్ళీ పొయ్యి మీద పెట్టాను.
గిన్నెలో టక్కుమని తలుపు లేచింది.

ఆ గమ్ము ట్యూబు నా బల్ల మీదే ఉంది.
నిరుడు కార్తీకంలో ఆయిలు కారుతోందంటే
ఆ జాయింటుకి మందంగా పట్టించింది నేనే.
ఎక్కువ రాస్తే గట్టిగా ఉంటుందని.

పొద్దున్న ఆవిడ రాగానే
ముద్దని కాగితంలో పెట్టి చేతికిచ్చాను.
ఇది నాదేనండి, అన్నాను.
కళ్ళజోడు దగ్గరికి పెట్టుకుని దాన్ని చూశారు,
తలెత్తి నన్ను చూశారు,
ఎక్కి కూర్చుని తాళం తిప్పారు.
నేను కిందకి దూరి ముందు పైపు పట్టుకున్నాను.
చాలాసేపు ఏమీ లేదు.
తరవాత గోరువెచ్చన.
తరవాత పట్టుకోలేకపోయాను.