ఆయ్

మా వైపు ఒక మాట ఉంది.
అవునన్నా అదే, విన్నానన్నా అదే.
పెద్దవాళ్ళ ముందు నోరు ఖాళీగా ఉండకూడదని
నాలుక మీద పెట్టుకునే తమలపాకు ముక్క లాంటిది.
ఆయ్.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
మా నాన్న లాకుల మీద లస్కరు.
సూపర్నెంటు గారి పిల్లలిద్దరికీ చదువు చెప్పడానికి
పాలకొల్లు మిషన్ బడి నుంచి గ్రేసమ్మ టీచరు వచ్చింది,
రేకు పెట్టె, గొడుగు, హరికేన్ లాంతరుతో.
వరండా చివర, చెప్పులు విడిచే చోట కూర్చుని
నేనూ ఎక్కాలు అప్పజెప్పేవాణ్ణి.
పద్నాలుగో ఎక్కం దగ్గర తడబడితే
కసిరేది కాదు, ఆగేది.

ఆ ఏడు మఖ కార్తెలో కాలవకి ఎర్రనీళ్ళు వచ్చాయి.
అంతకు ముందటేడు లాకు తొట్టిలో
తలుపుకీ పడవకీ మధ్య నలిగిపోయిన సరంగు ఒకడుండేవాడు,
కోలా నూకాలు.
ఎర్ర తలగుడ్డ వాడని కొందరు, బట్టతల అని కొందరు.
బతికుండగా టీచరు వాణ్ణి చూసి ఎరగదు.

ఒక సాయంత్రం పుస్తకం మూసి
"అవతలి తలుపు మీద నిలబడ్డాడే, ఎవరతను?" అంది.
పిల్లలిద్దరూ నా వైపు చూశారు.
నేను తలుపు వైపు చూశాను.
తడిసిన దూలం. ఒక కొంగ.
నీళ్ళ మీద పొగ లాంటిదేదో.
లేక ఆ పొగ నేను తర్వాత కలుపుకున్నానో.

"భూషణం, నువ్వు చూశావు కదూ?"
నా భుజం మీద ఆవిడ చెయ్యి
రేవులో కట్టేసిన దోనెలా కొట్టుకుంటోంది.
సుద్దముక్క వాసన.
అంత అవసరంగా నన్నెవరూ
అప్పటిదాకా ఏదీ అడగలేదు.
"ఆయ్" అన్నాను.

ఆవిడ ఊపిరి వదిలింది.
దెయ్యం పుట్టడం నేను చూసింది అప్పుడే.

మర్నాడు తెల్లారేసరికి
లాంతరు తలుపు మీద ఇంకా వెలుగుతోంది.
రేకు పెట్టె ఉంది, గొడుగు లేదు.
నరసాపురం లాంచీ ఎక్కిందన్నాడు టీ కొట్టు అప్పన్న.
ఆ పూట లాంచీయే రాలేదన్నాడు మా నాన్న.
గొడుగు పట్టుకుని ఎవరైనా చావడానికి వెళ్తారా అంది మా అమ్మ.
వాన పడుతుంటే వెళ్తారేమో అని కూడా తనే అంది.

ఎస్సై గారు వచ్చి కుర్చీ వేయించుకున్నారు.
"ఆవిడకి మతి చలించిందట్రా?"
ఆయ్.
"అక్కడెవరో ఉన్నారని నువ్వూ చూశావట?"
ఆయ్.
"అబద్ధం చెప్పావో, తోలు ఒలుస్తా."
ఆయ్.
అన్నీ రాసుకుని కింద నా వేలిముద్ర వేయించారు.
అప్పటికే నాకు సంతకం వచ్చు, ఆవిడే నేర్పింది.
అదొక్కటీ ఎవరూ అడగలేదు.

నాన్న తర్వాత ఆ పని నాకొచ్చింది.
పడవలు పోయాయి. తలుపులు తుప్పు పట్టాయి.
తొట్టి నిండా గుర్రపుడెక్క, పైన ఊదా పూలు.
కొన్ని సాయంత్రాలు అవతల ఒకడు నిలబడి ఉంటాడు.
తలగుడ్డ ఉందో లేదో ఎప్పుడూ తెలియదు.
చూస్తున్నానో,
చూశానన్న మాటకి కట్టుబడి ఉన్నానో
ఇన్నేళ్ళొచ్చినా తేల్చుకోలేదు.

మొన్న కొత్తగా వచ్చిన ఏఈ, కుర్రాడు,
మోటారుసైకిలు దిగకుండానే అడిగాడు:
"ఇక్కడ దెయ్యం ఉందట, నిజమేనా?"
"ఆయ్."
నవ్వాడు. "సరే గానీ, నీటిమట్టం ఎంత?"

కొలబద్ద మీద అంకెలు నాచు కింద పడి పదేళ్ళయింది.
"నాలుగడుగుల రెండంగుళాలండి" అన్నాను.
తలెత్తకుండా రాసుకున్నాడు.