మోకాలు వంచని బండి

రుస్తావి కార్ల సంతలో కొన్నాను.
పద్దెనిమిదేళ్ల లెక్సస్. అమెరికాలో ఎవరో గుద్దేస్తే
ఓడెక్కి జార్జియా చేరింది.
తోలు సీట్లు, చెక్క స్టీరింగు,
ఇరవై రెండంగుళాల అద్దాల్లాంటి చక్రాలు.
పైన పటారం.

లొటారం తెల్లారితే తెలిసేది.
వెనక గాలి సంచులు రాత్రంతా కారి
నెమరేసే గేదెలా కూలబడి ఉండేది.
తాళం తిప్పితే మూలిగి, ఓ నిట్టూర్పు విడిచి
మెల్లగా లేచేది.

"అబానో కనుమ ఎక్కాలంటే ఇవన్నీ పీకెయ్,"
అన్నాడు జుంబేర్, గోళ్లలో గ్రీజుతో.
"పదిహేడంగుళాల నల్ల చక్రాలు, లావు టైర్లు.
రాయి తగిలితే నలగాల్సింది టైరు,
నీ నడుం కాదు.
గాలి సంచులు తీసేసి స్ప్రింగులు వేద్దాం.
ఇనుముకి ఊపిరి అక్కర్లేదు."

గొర్రెల డాక్టర్ని. మందు సీసా పగిలితే
కొండ మీద ఇంకోటి దొరకదు.
సరేనన్నాను.
మెరుపు చక్రాల్ని ఓ పెళ్లికొడుకు పట్టుకుపోయాడు,
బేరమైనా ఆడకుండా.

రెండంగుళాలు పెరిగి నిలబడింది బండి.
రాత్రంతా. మర్నాడూ.
చుట్టూ తిరిగి మురుసుకుంటున్నాను,
బొంబోరా వచ్చింది.
తోడేలు కొరికిన వెనక కాలు,
మిగిలిన మూడింటి మీద యాభై కిలోల కుక్క.
ఇన్నాళ్లూ
బండి కూర్చుని ఉంటేనే ఎక్కేది.
డిక్కీ అంచుకేసి చూసింది. నాకేసి చూసింది.
ఈసారి నిట్టూర్పు దానిది.

జుంబేర్ ఏమీ అనలేదు.
స్ప్రింగులొచ్చిన చెక్కపెట్టె ఊడదీసి
మూడు పలకలు కలిపి మేకులు కొట్టి
డిక్కీకి ఆనించాడు.

బిల్లులో అది లేదు.