తిప్ప మీద ఒక్క రాత్రి

ఇరవై రెండేళ్లుగా ఆటోనగర్లో
లారీలకు టార్పాలిన్లు కుడుతున్నాను.
నా కుట్టు కింద మిరపకాయలు నాగపూర్ వెళ్లాయి,
సిమెంటు కటక్ వెళ్లింది,
క్లీనర్ కుర్రాళ్లు వాన రాత్రుల్లో
ధాబాల వెనక గుర్రు పెట్టి నిద్రపోయారు.
నేనే ఏనాడూ దాని కింద పడుకోలేదు.

"ఒక్కదానివేనా మస్తాన్‌బీ?" అన్నాడు నాంచారయ్య
యనమలకుదురు రేవులో పడవ తాడు విప్పుతూ.
"చేపలు పడతావా?" పట్టను.
"మొక్కుబడా?" కాదు.
"ఇంట్లో గొడవా?"
గొడవపడటానికి ఇంట్లో కుట్టుమిషనొక్కటే ఉంది.
ఆపైన అడగలేదతను.
పెద్ద పాయ దాటాం, తర్వాత సన్న పాయ.
తుంగ మొలిచిన పొడుగాటి ఇసుక తిప్ప మీద దించి
"పొద్దున ఏడింటికొస్తా" అని, కాస్త ఆగి
"బ్యారేజీ గేట్లెత్తితే ముందే వస్తాలే" అన్నాడు
ఎత్తరన్నట్టు నవ్వుతూ.

మేకులు మొదట మోసం చేశాయి.
జాకీ రాడ్లు కోసి సాన పట్టించినవి,
రాతినేలనైనా చీలుస్తాయి.
ఇసుక వాటిని వెన్నలా తీసుకుంది,
వెన్నలాగే వదిలేసింది.
గాలి ఒక్క తోపు తోస్తే
నా ఇల్లు వెళ్లి తుంగలో బోర్లా పడింది.
చివరికి గోనెసంచిలో ఇసుక నింపి ఒక మూల,
చెప్పులు పాతి ఒక మూల,
మంచినీళ్ల డబ్బా ఒక మూల,
చేపల పులుసు గిన్నె ఒక మూల.
దాహం వేసినప్పుడల్లా
ఇంట్లో ఒక మూల లేచి నిలబడేది.

అగ్గిపెట్టె పడవ అడుగు నీళ్లలో నానిపోయింది.
ఆరిన స్టవ్వు పక్కన కూర్చుని
ఎదురుగా బెజవాడంతా వెలగడం చూశాను.
వారధి మీద లారీలు, ఒకదాని తోక పట్టుకుని ఒకటి.
ఏదో ఒకదాని మీద నా కుట్టు ఉండే ఉంటుంది.
ఊరు నిండా అంత వెలుగుందా,
నాకు ఒక్క పుల్ల గీసే దిక్కు లేదు.

ఎప్పుడు ఈదుకొచ్చిందో ఒక బక్క కుక్క,
మూత తీయడం దానికెవరు నేర్పారో!
పులుసు అయిపోయింది, నాలుగో మూల ఎగిరింది.
తిట్టాను. విని, నా కాళ్ల దగ్గరే పడుకుంది.

అర్ధరాత్రి దాటాక వాన.
నవ్వుకున్నాను, ఇక చూడు నా పనితనం అని.
మొదటి చుక్క సరిగ్గా నుదుటి మీద పడింది.
రెండోదీ అక్కడే.
చీకట్లో చెయ్యెత్తి తడిమాను,
నాలుగో పట్టీ, మూడో వరస.
దారం తెగితే రెండంగుళాలు వెనక్కొచ్చి
మళ్లీ కుట్టమనేవాడు మా ఉస్తాద్.
కస్టమర్ తొందరపెడితే వెనక్కి రాను.
ఈసారి కస్టమర్ నేనే, తొందరా నాదే.

అంకమ్మరావు గుర్తొచ్చాడు.
బూజు పట్టిన రెండు మిరప బస్తాలు
ఆటోలో వేసుకొచ్చి చూపించాడొకసారి.
"తాడు సరిగా కట్టుకోలేదు నువ్వు" అన్నాను.
"అయ్యుంటుందిలే అక్కా" అని
బాకీ పన్నెండొందలు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లాడు.
చుక్క పడుతూనే ఉంది.
జరిగి పడుకోవచ్చు, చోటుంది.
జరగలేదు.

తెల్లారకముందే కాళ్లకు చల్లగా తగిలింది ఏరు.
చెప్పుల మూల అప్పటికే నీళ్లలో ఉంది,
పాతిన రెండింట్లో ఒకటి దొరికింది.
అవతల టార్చి వెలుగు, తెడ్డు చప్పుడు.
"గేట్లెత్తారా?"
"లేదు. పైన వానలు. నాకే నిద్రపట్టలా."
తడిసిన టార్పాలిన్ ఇద్దరం మడతపెట్టాం,
పీనుగంత బరువుంది.
ఎవరూ పిలవకుండానే కుక్క పడవెక్కింది.

సగం దూరం వచ్చాక అడిగాడు,
"ఎట్టా ఉంది?"
"కారింది."

ఒంటి చెప్పుతో కొట్టు తెరిచాను.
అంకమ్మరావు నంబరు
పాత రశీదు పుస్తకాల్లో ఎక్కడో ఉండాలి.
అటక మీద పద్దెనిమిది పుస్తకాలు.
దుమ్ము దులిపి, మొదటిది విప్పాను.