తరుగు

మెమో వచ్చిన రెండో పూటకే
మా గల్లీల బండ్లు మొదలైనయి.
ఎవరిచ్చిండ్రో నంబరు,
నాయిన డబ్బా ఫోనుకు
రోజుకు పది పదకొండు కాలేజీలు.

శ్రీధర్ సారైతే ఇంటికే వచ్చిండు.
నున్నటి కాగితం మీద నవ్వే పిల్లలు,
వాళ్ల మొకాల కింద ర్యాంకులు.
"ఫీజు డెబ్బై వేలు. మీ బిడ్డ మార్కులకు నలభై అయిదు చేస్తం.
పొద్దుగాల నాలుగున్నరకు లేపుతం,
రాత్రి పదకొండు దాక చదివిపిస్తం."
మిర్పకాయల తొడిమెలు తీసుకుంట, దగ్గుకుంట
అమ్మ అడిగింది:
"మరి బట్టలెప్పుడు ఉతుక్కుంటది సారూ?"
సారు చాయ్ సగంల ఆగింది.

మామ బైపీసీ అన్నడు.
మేనత్త ఫోన్ల టీటీసీ అన్నది,
అది ఇప్పుడు లేదత్తా అంటే
"ఉంటది, మంచిగ అడుగుండ్రి" అన్నది.
నౌషీన్‌కు గురుకులంల సీటొచ్చింది,
రేకు పెట్టె తుడుసుకుంట
"నువ్వూ రావే, పక్కపక్క మంచాలు అడుగుదాం" అన్నది.
గా ఒక్క మాట
నన్ను రెండు రాత్రులు పండనియ్యలే.

నన్నెవరూ అడుగలేదంటే అబద్ధమైతది.
అందరూ అడిగిండ్రు.
జవాబు గూడ వాళ్ల నోట్లెనే ఉండె.

ఏడో తరగతి ఎండకాలం
ఏనుమాముల మార్కెట్‌కు నాయినెంబడి పోయేదాన్ని.
హమాలీల పుస్తకంల బస్తాల లెక్క రాసుడు నా పని.
ఎటు సూసినా ఎరుపు, ఎటు తిరిగినా తుమ్ములు.
ఒకనాడు కాంట మీద అంకెలు
కొట్టుకుంట కొట్టుకుంట
నలభై ఒకటి పాయింట్ మూడు కాడ నిలవడ్డయి.
బస్తా దించిన నాయిన
తువ్వాలతోటి మెడ తుడుసుకుంట
"నలభై మూడుంటది" అన్నడు,
నాకు తప్ప ఎవ్వలికి ఇనవడకుంట.
"మిషన్ చెప్తుంది గద నాయినా?"
"చెప్తది బిడ్డా.
నా ఈపు గూడ ఇరవై ఏండ్ల సంది కాంటనే."
ఆ రైతు ఏమనలే.
చిట్టీ నాలుగు మడతలు పెట్టి జేబుల వేసుకున్నడు.
తరుగు తీసుడు ఇంకా మొదలే కాలే.

అప్పటి సంది
అంకె కనవడితే చాలు
దాని ఎనుక ఏముందో సూడాల్నని ఒకటే దురద.
రిమోటు ఇప్పిన, తన్నులు తిన్న.
గోడ గడియారం ఇప్పిన,
మళ్ల బిగిస్తే ఒక స్క్రూ మిగిలింది.
అయినా నడుస్తనే ఉన్నది,
జర ముందుగ.

పాలిసెట్టు రాసింది ఊకెనే,
బడిల అందరూ రాస్తుండ్రని.
ర్యాంకొచ్చినంక గానీ
గది గూడ ఒక తొవ్వేనని ఎరుకగాలే.

ఆఖరు తారీకు.
గీసుకొండ నెట్ సెంటర్ల
ఫ్యాను గాలికి నా మెమో కొట్టుకుంటున్నది.
కీబోర్డు మీద వేలు ఆపి అన్న అడిగిండు:
"మొదటి ఆప్షన్?"
నా ఎనుక లైన్ల ఆరుగురు.
నాయిన జేబుల శ్రీధర్ సారు కార్డు.
కండ్ల ముందట రెండు మంచాలు,
ఒకటి ఖాళీగ.

"వరంగల్ సర్కారు పాలిటెక్నిక్. ఎలక్ట్రానిక్స్."
గొంతు పెకల్లే. అన్న మళ్ల అడిగిండు.
ఈసారి ఆ ఆరుగురూ ఇన్నరు.

నాయిన ఎందుకని అడుగలే.
"బస్సు పాసుకు ఎంతయితది?" అని
వేళ్ల కణుపుల మీద లెక్కవెట్టిండు,
నడుమ ఎక్కడనో తప్పిపోయి
మళ్ల మొదటి నుంచి వెట్టిండు.

బయట చెరుకురసం బండి కాడ
గిలాస అందిచ్చుకుంట అన్నడు:
"గా ఎర్ర అంకెల మిషన్ గూడ
అండ్లనే వస్తదా?"
"వస్తది నాయినా."
"ఇప్పుడు వస్తది సరే. బిగించుడు?"
"ఒక స్క్రూ మిగులుతదేమో."
కట్టయ్య హమాలీ
రసం పొలమారేదాక నవ్విండు.

బస్సొచ్చింది.
నౌషీన్‌వి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నయి.
ఇల్లొచ్చేదాక
ఆ మూడు అంకె దిక్కే సూసుకుంట కూసున్న.